రాప్టర్ కొనాలా, మామూలు ఎఫ్-150 చాలా? సరదాకీ పనికీ మధ్య తేల్చుకోలేకపోతున్నాను

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్తే. ఇంట్లో ఒక సియెన్నా వ్యాన్ ఉంది, అది మా ఆవిడ నడుపుతుంది. నా పాత కామ్రీ ఇచ్చేసి పికప్ తీసుకుందామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మనసంతా ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ (ఎఫ్-150 పికప్‌లోనే ఎడారిలో స్పీడుగా తోలడానికి చేసిన రకం) మీదే ఉంది. దానికి పోటీగా రామ్ వాళ్లు చేసిన టీఆర్‌ఎక్స్, వాడినదే మంచిది దొరికితే అదైనా సరే అనిపిస్తోంది.

ట్రక్కుతో నాకున్న పనులు ఇవి. పెరట్లో కూరగాయల మడులు వేస్తున్నాం, వాటికి మట్టి, మల్చ్ (మొక్కల చుట్టూ పరిచే చెక్క పొట్టు), చెక్కలు తేవాలి. వచ్చే వేసవికి ఒక ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక లాక్కెళ్లి, లోపలే పడుకునేది) కొందామని ఉంది, సామానుతో కలిపి 6,500 పౌండ్లు ఉండొచ్చు. పిల్లలు ఇద్దరు, చిన్నవాడు ఇంకా కార్ సీటులోనే. మార్చిలో అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆఫీసుకి వారంలో మూడు రోజులు, రానూపోనూ 40 మైళ్లు.

ఇక సరదా సంగతి. ఇసుకలో, మట్టిలో తోలాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఇంతవరకు తోలింది లేదు. టోల్‌వే ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే వెన్ను సీటుకి అతుక్కోవాలి, అదొకటి. మా ఆవిడది ఒకటే మాట: "అంత డబ్బు పోసి అంత పెద్ద బండి కొని, దాంట్లో పటేల్ బ్రదర్స్ కొట్టు నుంచి కొత్తిమీర తెస్తావా?" ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

ప్లానో నుంచి

బ్రో, ముందు టేపు తీసుకుని గరాజ్‌లోకి వెళ్లండి. మిగతావన్నీ తర్వాత.

రాప్టర్ వెడల్పు అద్దాలు కాకుండానే సుమారు 87 అంగుళాలు. మామూలు ఎఫ్-150 అయితే 80. ఆ ఏడు అంగుళాలు కాగితం మీద ఏమీ అనిపించవు. మీది 16 అడుగుల ఒకే తలుపైతే ఇబ్బంది లేదు. 8 అడుగుల తలుపులు రెండుంటే మాత్రం, 8 అడుగులంటే 96 అంగుళాలు, అద్దాలు ముడిస్తే తప్ప లోపలికి పోదు. రోజూ పొద్దున్నే బయటికి తీయాలి, సాయంత్రం లోపల పెట్టాలి, అదీ చూసుకోండి. పొడవు సుమారు 233 అంగుళాలు. చాలా ఇళ్లలో గరాజ్ లోతు 20 అడుగులే, అంటే 240. పొడవు విషయంలో మామూలు నాలుగు తలుపుల ఎఫ్-150 కూడా దాదాపు ఇంతే కాబట్టి ఆ తప్పు రాప్టర్ ఒక్కదానిదే కాదు.

పార్కింగ్ గీతల మధ్య సాధారణంగా 9 అడుగులు ఉంటుంది, అంటే 108 అంగుళాలు. బండి సరిగ్గా మధ్యలో పెట్టినా రెండు పక్కలా పది అంగుళాల చొప్పున మిగులుతుంది. శనివారం హనుమాన్ గుడి పార్కింగ్ ఎలా ఉంటుందో ఫ్రిస్కోలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వెనక సీట్లోంచి కార్ సీటు పిల్లాణ్ణి దించేది అక్కడే.

రాప్టర్ గ్రిల్ మీద మూడు చిన్న నారింజ లైట్లు ఉంటాయి, చాలామంది అవి స్టైల్ అనుకుంటారు. 80 అంగుళాలు దాటిన బండికి అమెరికా నిబంధన ప్రకారం పెట్టాల్సిన లైట్లవి.

హ్యూస్టన్ నుంచి

తమ్ముడూ, నేను ట్రెయిలర్ లాగుతుంటాను కాబట్టి ఆ సంగతి చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

రాప్టర్ టోయింగ్, అంటే లాగగల బరువు, 8,200 పౌండ్లు అని రాస్తారు. అది చూసి 6,500 ట్రెయిలర్ హాయిగా లాగుతుందనుకుంటాం. లాగుతుంది కూడా, ఇంజన్‌కి 450 హార్స్‌పవర్ ఉంది. చిక్కు లాగడంలో లేదు, మోయడంలో ఉంది.

ఏ ట్రక్కు చూడ్డానికి వెళ్లినా డ్రైవర్ డోర్ తెరువు. తలుపు స్తంభం మీద టైర్ల ప్రెషర్ రాసిన స్టిక్కర్ ఉంటుంది. దాని మీద, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని రాసి ఉంటుంది. అదే పేలోడ్. బ్రోషర్‌లో అంకె వేరు, ఆ బండి స్టిక్కర్ మీద అంకె వేరు. పనోరమా రూఫ్ అనీ, ఇంకేదో ప్యాకేజీ అనీ ఎక్కించిన కొద్దీ స్టిక్కర్ మీద అంకె తగ్గిపోతుంది. 35 అంగుళాల టైర్ల రాప్టర్‌కి అది 1,400 ప్రాంతంలో ఉంటుంది. 37 అంగుళాల టైర్లు తీసుకుంటే ఇంకా తక్కువ.

ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద, అంటే మన ట్రక్కు మీద కూర్చుంటుంది. అంతకంటే తక్కువైతే వెనక ట్రెయిలర్ ఊగడం మొదలవుతుంది. 13 శాతం వేసుకుందాం. 6,500కి 845 పౌండ్లు. నువ్వు 180, మా మరదలు 140 అనుకుందాం, పిల్లలిద్దరూ కార్ సీటుతో కలిపి 130. అంటే 450. బరువు సర్దే హిచ్ సామగ్రి ఒక 80. మొత్తం 1,375.

ఇంకా 25 పౌండ్లు మిగిలాయి. ఇడ్లీ కుక్కరూ పిండి డబ్బా పెట్టావంటే సరి. వెనక సామాను పెట్టే బెడ్‌లో జనరేటర్ పెట్టుకోవడానికి లేదు, ఐస్ పెట్టెకి లేదు. రాప్టర్‌లో ఐదు సీట్లే కాబట్టి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆరుగురు ఎలాగూ పట్టరు. వెనకాల సియెన్నా రావాల్సిందే.

ఇంత ఖరీదు బండికి ఇంత తక్కువ పేలోడ్ ఎందుకంటే, దాని సస్పెన్షన్ ఎడారిలో ఎగిరి దూకడానికి చేసింది. ముందు చక్రం 14 అంగుళాలు, వెనక చక్రం 15 అంగుళాలు పైకీ కిందకీ కదలగలదు. అంత కదలాలంటే స్ప్రింగులు మెత్తగా ఉండాలి. మెత్తటి స్ప్రింగు బరువు మోయదు. అదే ఎఫ్-150ని బరువు పనికి సరైన ప్యాకేజీతో తీసుకుంటే 3,000 పౌండ్లు దాటి మోసేవి కూడా వచ్చాయి. ఒకే పేరు, రెండు వేర్వేరు బళ్లు.

మట్టి గురించి కూడా ఒక మాట. నర్సరీలో లూజు మట్టి "ఒక యార్డ్" (ఒక ఘన గజం) వేయించుకుంటారు చూడు, తడిగా ఉంటే అది 2,000 పౌండ్లు పైనే ఉంటుంది. రాప్టర్‌లో అర యార్డ్ మించి వేయించకు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, ఈ లెక్క ఏ డీలరూ చెప్పలేదు. నేను వెళ్లిన చోట ఒకాయన "మా కస్టమర్లు దీంతో పడవలు లాగుతారు" అన్నాడంతే. పైగా కంపెనీ ధర మీద అదనంగా మార్కప్ వేశాడు, అది వేరే బాధ.

శాన్ ఆంటోనియో నుంచి

టీఆర్‌ఎక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8, 702 హార్స్‌పవర్. ఆ మోత విన్నాక వేరే బండి ఎక్కబుద్ధి కాదు, అది నిజం. సర్కారు లెక్క ప్రకారం గ్యాలన్‌కి సిటీలో 10, హైవేలో 14, కలిపి 12 మైళ్లు. అదీ ప్రీమియం గ్యాస్, అంటే ఖరీదైన పెట్రోలు. వెడల్పు 88 అంగుళాలు, పేలోడ్ 1,310. అంటే పైన అన్నగారు వేసిన లెక్కలో ఇది ముందే ఫెయిల్.

ఏడాదికి 12,000 మైళ్లనుకుంటే టీఆర్‌ఎక్స్ తాగేది 1,000 గ్యాలన్లు. రాప్టర్‌కి 16 చొప్పున 750. ఎఫ్-150 హైబ్రిడ్‌కి 24 చొప్పున 500. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే రాప్టర్‌కీ హైబ్రిడ్‌కీ తేడా ఏడాదికి 750 డాలర్లు. నన్నడిగితే ఇది పెద్ద లెక్క కాదు. ఆ ధర బండి కొనేవాడు గ్యాస్ గురించి ఏడవడం అనవసరం. టైర్లూ, ఇన్సూరెన్సూ, లోన్ వడ్డీ అంతకంటే ఎక్కువ తింటాయి. కొనే ముందు మీరు చూస్తున్న రెండు బళ్ల వీఐఎన్ నంబర్లకీ (బండి గుర్తింపు నంబర్లకీ) ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి.

ఫీనిక్స్ నుంచి

అందరూ పనికిరాదనే చెప్తున్నారు, రాప్టర్ ఉన్నవాడిగా అటువైపు కూడా చెప్పాలి.

నాకు ఇంటి నుంచి గంట లోపే ఎడారి ఉంది, ప్రభుత్వ భూమి, ఎండిన వాగులు. అక్కడ మామూలు ట్రక్కు 25 మైళ్ల వేగం దాటితే లోపలున్నవాళ్ల పళ్లు రాలతాయి. రాప్టర్ అదే దారిలో 50, 60లో పోతుంది. బాహా మోడ్‌లో (ఎడారి స్పీడు కోసం ఉన్న సెట్టింగ్) పెడితే షాక్స్, స్టీరింగ్, థ్రాటిల్ అన్నీ మారిపోతాయి. గట్టు మీద నుంచి దిగేటప్పుడు కింద కొడుతుందేమోనని ఒళ్లు బిగబట్టుకుంటాం. ఏ చప్పుడూ లేకుండా బండి మెత్తగా కూర్చుంటుంది. ఆ క్షణంలో ఆ ధర ఎందుకో అర్థమవుతుంది. ఇది అంకెల్లో రాదు.

ఊళ్లో కూడా ఆ మెత్తదనం పనికొస్తుంది. స్పీడ్ బ్రేకర్లూ, గుంటలూ తెలియవు. నా కారులో వచ్చే నడుంనొప్పి ఇందులో రాదంటాడు మా నాన్న. ఎక్కడమే కష్టం, ఎక్కాక సుఖం.

కానీ బాబూ, నువ్వున్నది ఫ్రిస్కో. టెక్సస్‌లో భూమి చాలావరకు ప్రైవేటుది, కంచె దాటితే వేరే కథ. దగ్గర్లో ఏముంది? గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్ ఉంది, కానీ అది అడవి, చెట్ల మధ్య రాళ్ల దారులు. 87 అంగుళాల బండిని అక్కడికి తీసుకెళ్తే రెండు పక్కలా గీతలు ఖాయం. నిజమైన ఇసుక కావాలంటే ఓక్లహోమాలో వేనోకా దగ్గర లిటిల్ సహారా ఉంది. డాలస్ నుంచి దాదాపు ఐదు గంటల దారి. అక్కడ బండికి పొడవాటి కర్రకి జెండా తప్పనిసరి, దిబ్బ అవతలి వాడికి కనపడాలి కదా. టైర్లలో గాలి 15, 20కి దించాలి, తిరిగి నింపుకోడానికి కంప్రెసర్ ఉండాలి. ఒక్క బండితో వెళ్లకూడదు, దిగబడితే లాగేవాడు కావాలి.

నీకు తోడు వచ్చేవాళ్లు ఉన్నారా? ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తావు? రాప్టర్ సరదా అంతా మట్టి మీద స్పీడులో ఉంది. రాళ్లెక్కడానికీ, సిగ్నల్ దగ్గర రేసుకీ అంతకంటే చవకైనవి ఉన్నాయి. ఆ స్పీడుకి చోటు లేనివాడు 15 అంగుళాల సస్పెన్షన్ కొని గరాజ్‌లో దాచుకున్నట్టే.

అట్లాంటా నుంచి

పికప్‌లో స్పీడ్ పిచ్చి ఇవాళ్టిది కాదు. 1991లో జీఎంసీ సైక్లోన్ అని వచ్చింది, 280 హార్స్‌పవర్ టర్బో వీ6, ఒక పత్రిక పెట్టిన క్వార్టర్ మైలు పరుగులో ఫెరారీ 348ని దాటేసింది. దాని పేలోడ్ ఎంతో తెలుసా? 500 పౌండ్లు. ముగ్గురు మనుషులు ఎక్కితే అయిపోయినట్టే. 2004లో డాడ్జ్ వాళ్లు వైపర్ స్పోర్ట్స్ కారు వీ10 ఇంజన్‌ని తీసి రామ్‌లో పెట్టారు, 500 హార్స్‌పవర్, వెనక చక్రాల మీదే నడక. ఇప్పుడవన్నీ షోలలో మెరుస్తున్నాయి. మల్చ్ మోసినట్టు ఎవరూ చెప్పలేదు :)

ఆస్టిన్ నుంచి

రేంజర్ రాప్టర్ (ఫోర్డ్ చిన్న పికప్ రేంజర్‌లో రాప్టర్ రకం) చూశారా? 2024 నుంచి అమెరికాలో అమ్ముతున్నారు. 3 లీటర్ల వీ6 టర్బో, 405 హార్స్‌పవర్, 33 అంగుళాల టైర్లు, ఫాక్స్ షాక్స్. వెడల్పు సుమారు 80 అంగుళాలు, పొడవు 211, ఎత్తు 76. పెద్ద రాప్టర్ కంటే దాదాపు రెండడుగులు పొట్టి. చెట్ల మధ్య దారుల్లో దీనిదే రాజ్యం. ధర కూడా పెద్దదానికంటే చాలా తక్కువ.

మైలేజీ కోసమైతే కొనకండి. కలిపి 17 వస్తుంది, పెద్ద రాప్టర్‌కీ దీనికీ ఒక్క మైలే తేడా. టోయింగ్ 5,510 పౌండ్లు కాబట్టి 6,500 ట్రెయిలర్ మర్చిపోండి. వెనక సీటు ఇరుకే. వెనక్కి తిరిగి ఉండే కార్ సీటు పెడితే ముందు సీటు బాగా ముందుకి జరపాల్సి వస్తుంది. ముందుకి తిరిగి ఉండేదైతే సరిపోతుంది.

ట్రెయిలరే ముఖ్యం అనుకుంటే ఎఫ్-150 ట్రెమర్ (ఎఫ్-150లోనే ఇంకో ఆఫ్‌రోడ్ రకం) చూడండి. 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో ఇంజన్‌లో 400 హార్స్‌పవర్, 33 అంగుళాల టైర్లు, మామూలు ఎఫ్-150 వెడల్పే. 2021లో వచ్చినప్పుడు పేలోడ్ 1,885 వరకు, టోయింగ్ 10,900 వరకు ఇచ్చారు. ఎడారిలో ఎగరదు గానీ బురదలో ఆగదు. మీ ఇంటికి పనికొచ్చేది అదే, నా ఓటు దానికే. రేంజర్ మీ మనసుకి.

సియాటెల్ నుంచి

ఎలక్ట్రిక్ మాట ఎత్తితే కొడతారేమో, అయినా చెప్తాను. రివియన్ ఆర్1టీకి ఎయిర్ సస్పెన్షన్. ఆపి ఉన్నప్పుడు కిందకి దిగుతుంది, అమ్మగారి మోకాళ్లకి అదే పెద్ద ఉపకారం. నాలుగు మోటార్ల మోడల్ స్పీడ్ గురించి చెప్పక్కర్లేదు. 11,000 పౌండ్లు లాగుతుందంటారు, లాగుతుంది కూడా, కానీ ట్రెయిలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోతుంది. ఓక్లహోమాలో చార్జింగ్ వెతుక్కుంటూ పోవాలంటే టెన్షన్. ఎలక్ట్రిక్ వద్దనుకుంటే మామూలు రామ్ 1500లో కూడా ఎయిర్ సస్పెన్షన్ ఆప్షన్ ఉంటుంది, ఎక్కేటప్పుడు కొన్ని అంగుళాలు దిగుతుంది.

ఇర్వింగ్ నుంచి

6,000 పౌండ్లు దాటిన బండికి టాక్స్ రాయితీ ఉందని కొంటున్నారా? సొంత వ్యాపారం ఉండి, సగానికి పైగా దానికే వాడితేనే. ఉద్యోగానికి ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లిరావడం లెక్కలోకి రాదు. పార్టీల్లో చెప్పే సలహాలు కాదు, మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏని అడగండి.

ప్రశ్న అడిగినవారి భార్య (అదే అకౌంటు నుంచి)

అన్నయ్యగారూ, కొత్తిమీర మాట అన్నది నేనే. ఈయనకి సరదా వద్దని నేననడం లేదు. నా ప్రశ్న ఒకటే. ఈయన ఊళ్లో లేనప్పుడు సియెన్నా రిపేరు షాపులో ఉంటే ఆ బండి నేను నడపాలి. అత్తయ్యని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నా ఎత్తు 5 అడుగుల 2. దాని ముందు బానెట్ నా భుజాల దాకా వచ్చింది షోరూంలో. ఎదురుగా చిన్నపిల్లలు నిలబడితే కనపడతారా?

హ్యూస్టన్ నుంచి

అమ్మా, సరైన ప్రశ్న. కొనేముందు నువ్వే డ్రైవర్ సీట్లో కూర్చో. మీ పెద్దపిల్లని బంపర్ ముందు నిలబెట్టి, ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ పొమ్మను. తల ఎక్కడ కనపడుతుందో చూడు. కెమెరా ఉంది కదా అని సేల్స్‌మన్ అంటాడు. ముందు కెమెరా మంచిదే, కానీ వేగం పెరగగానే ఆ బొమ్మ పోతుంది, కెమెరా మీద బురద ఉంటే అదీ లేదు. నీకు సుఖంగా లేకపోతే ఆ బండి ఇంట్లోకి రానివ్వకు, మావాడు అలిగినా సరే.

ప్రశ్న అడిగినవారు

టేపు పెట్టి కొలిచాను. రెండు 8 అడుగుల తలుపులే. లోతు 20 అడుగులు ఉంది గానీ ముందు గోడకి రెండో ఫ్రిజ్ ఉంది. దాన్ని తీసేద్దామంటే ఆవకాయ జాడీలు, దోసె పిండి ఎక్కడ పెట్టాలని ఇంట్లో గొడవ. బయట డ్రైవ్‌వేలో పెడితే వడగళ్ల వాన భయం, డాలస్‌లో ఏటా చూస్తున్నదే. పెద్ద రాప్టర్, టీఆర్‌ఎక్స్ రెండూ లిస్టులోంచి తీసేశాను. రెండు రోజులు బాధపడ్డాను, అది వేరే సంగతి.

ఇప్పుడు మిగిలింది ట్రెమరా, రేంజర్ రాప్టరా అని. నిజం చెప్పాలంటే ట్రెయిలర్ మీద కోరిక ఎంత గట్టిదో నాకే తెలియదు, ఇంతవరకు ఒక్క రాత్రి కూడా అందులో పడుకోలేదు. ఇసుక మీద కోరిక మాత్రం గట్టిదే. రేంజర్‌కి ఫ్రిజ్ జరపక్కర్లేదు, మా ఆవిడకి ముందు రోడ్డు కనపడుతోంది. ట్రెయిలర్ చిన్నది తీసుకుంటే నడుస్తుందా?

హ్యూస్టన్ నుంచి

4,000 పౌండ్లలోపు ఉంటే నడుస్తుంది. 13 శాతం 520, మీ నలుగురూ 450, హిచ్ 80. మొత్తం 1,050. రేంజర్ రాప్టర్ పేలోడ్ 1,411 అని రాస్తున్నారు. అంటే 350 దాకా చేతిలో ఉంటుంది. నువ్వు చూసే బండి డోర్ స్టిక్కర్ మీద ఎంత ఉందో దాన్నే నమ్ము. ఆ సైజులో ఇద్దరు పిల్లలకి మంచాలుండే చిన్న ట్రెయిలర్లు దొరుకుతాయి. కానీ ట్రెయిలర్ కొనకు, ముందు అద్దెకి తీసుకో. ఒక వారాంతం లేక్ టెక్సోమా పక్కన పడుకుని రా. వాన పడితే ఇంకా మంచిది, పిల్లలతో లోపల ఎలా ఉంటుందో తేలిపోతుంది.

ఆస్టిన్ నుంచి

అద్దె మాట వచ్చింది కాబట్టి, రేంజర్ రాప్టర్ కూడా టూరోలో (సొంత బళ్లు అద్దెకిచ్చే యాప్) దొరికితే మూడు రోజులు తీసుకోండి. ఆఫ్‌రోడ్ తోలనివ్వరు, ఆ పని పెట్టుకోకండి. ఆఫీసుకి వెళ్లండి, 75 మైళ్ల వేగంలో ఆ టైర్ల హోరు మీకు పడుతుందో లేదో వినండి. కార్ సీటు బిగించి పిల్లాణ్ణి ఎక్కించి దించండి. సైడ్ స్టెప్ ఎంత ఎత్తులో ఉందో కొలిచి అమ్మగారికి వీడియో కాల్‌లో చూపించండి. ఆమె కష్టమంటే మార్చి నుంచి ఆరు నెలలు సియెన్నా ఆమెకి, ట్రక్కు మీకు అని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారి భార్య (అదే అకౌంటు నుంచి)

సియెన్నా మాట నాకు సమ్మతమే. అద్దె బండి వచ్చే శుక్రవారానికి దొరికింది. మొదటి రోజు తాళం నా దగ్గరే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

పైన రాసింది నాకు చెప్పకుండా రాసింది. సరే, శుక్రవారం చూస్తాం. స్టిక్కర్ ఫోటో తీసి ఇక్కడే పెడతాను.